అడుగుటలోని మర్యాద

మనుష్యులు ఒకరినొకరు అడిగే ప్రశ్నలు అనేకము. దారి అడుగుతాము, ధర అడుగుతాము, అప్పు అడుగుతాము, క్షమాపణ అడుగుతాము. వీటన్నింటికీ ఒక పద్ధతి ఉన్నది. దానిని చిన్ననాటినుంచి పెద్దలను చూచి నేర్చుకొంటాము. కాని ఒక యువకుడు ఒక యువతి ఎదుట నిలిచి, "మిమ్మల్ని ఇంకా బాగా తెలుసుకోవాలని ఉన్నది, మీకు సమ్మతమేనా?" అని అడిగే పద్ధతిని మాత్రము మా ఇండ్లలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. నేర్పవలసిన అవసరమున్నదని కూడ ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు ఈ విషయము వ్రాయడానికి మా అక్కగారి మనుమడు కారణము. మద్రాసు పేరు 1996లో చెన్నై అయినది గాని, నా నోటికి ఇంకను మద్రాసే వస్తుంది. ఆ నగరములోనే అతడు ఒక కంప్యూటరు సంస్థలో పని చేస్తున్నాడు. ఇరువదియారేండ్లవాడు. ఒక ఆదివారము సాయంకాలపు ఆరాధన ముగిసిన తరువాత నా గదికి వచ్చి, చాలసేపు ఫానువైపు చూస్తూ కూర్చుండి, చివరకు చేతిలోని ఫోను నా ముందు పెట్టినాడు.

"అప్పచ్చా, ఇది ఒకసారి చదివి తప్పులుంటే దిద్దిపెట్టండి."

మా తిరువాన్కూరు క్రైస్తవులలో ఇంటి పెద్దను అప్పచ్చన్ అని పిలవడము ఆచారము. అతడు వ్రాసినది పదునాలుగు పంక్తుల సందేశము. దేవాలయపు గానబృందములో తనతోపాటు పాడే ఒక అమ్మాయికి పంపదలచినాడు. అందులో ఆమె కంఠస్వరమును గురించి మూడు పంక్తులు, తన ఉద్యోగమును గురించి రెండు పంక్తులు ఉన్నవి. తక్కిన భాగమంతా, తాను నలువది దినాలు ప్రార్థించినాననీ, ఆమెయే తనకు నిర్ణయింపబడినదని దేవుడు తెలియజేసినాడనీ చెప్పుతున్నది. చిట్టచివర, శనివారమునాడు కాఫీకి వస్తుందా అన్న ప్రశ్న.

"ఇందులో ఆమె కాదనడానికి చోటెక్కడ ఉన్నది?" అని అడిగినాను.

అతడు ఉలిక్కిపడినాడు. "గౌరవముగా అడగాలనే గదా అప్పచ్చా, ఇంత వ్రాసినాను!"

అతని మాట అబద్ధము కాదు. ఒకప్పుడు నేనును గౌరవముగానే అడగాలనుకొన్నాను. అప్పుడు నాకు కూడ ఇరువదియారు, ఇరువదియేడేండ్లే. గౌరవమంటే ఏమిటో ఒక యువతి నాకు నేర్పినది. ఆ పాఠమునకు వెల ఇచ్చినది మాత్రము ఎక్కువగా ఆమెయే. అందుచేత ఆ కథను అతనికి చెప్పినాను. అతనికి చెప్పినది ఇక్కడ మరికొంత వివరముగా వ్రాస్తున్నాను.

మా ఊరు పంపానదికి చేరువలో, తిరువల్లకు కొన్ని మైళ్ళ దూరములో ఉన్నది. అపోస్తలుడైన తోమా క్రీ.శ. 52లో మలబారు తీరమున దిగినాడనీ, ఆయనచేత బాప్తిస్మము పొందిన బ్రాహ్మణ కుటుంబాల సంతతివారము మేమనీ మా పెద్దలు చెప్పుకొనేవారు. అది సంప్రదాయము. చరిత్ర దానిని రుజువు చేసినదా అని మా ఇంటిలో ఎవరూ విచారించలేదు. ఆ సంప్రదాయము మా భోజనాల గదిలోను, పెండ్లి మాటలలోను కంటికి కనబడని ఒక పెద్దమనిషివలె వచ్చి కూర్చుండేది.

1965లో మా అక్కకు సంబంధము కుదిర్చినారు. మధ్యవర్తి వచ్చినాడు, వరుని మేనమామలు వచ్చినారు, తరువాత వరుడు వచ్చినాడు. మలయాళములో పెణ్ణుకాణల్ అంటారు, అనగా పెండ్లిచూపులే. అక్క పళ్ళెములో తేనీరు తెచ్చి అందరికీ ఇచ్చినది. వరుడు ఆమెను, ఏ కాలేజీలో చదువుకొన్నావని ఒక్క ప్రశ్న అడిగినాడు. ఆమె చెప్పినది. అంతటితో ఆమె వంతు ముగిసినది. మగవారందరూ వరండాలోకి వెళ్ళి స్త్రీధనమును గురించి మాట్లాడుకొన్నారు. వరకట్నమును నిషేధించే చట్టము వచ్చి అప్పటికి నాలుగేండ్లయినది. 1961లో ఢిల్లీలో చేసిన ఆ చట్టము మా వరండాదాకా నడిచి రాలేదు.

అంతకంటె ముందే వచ్చిన మరొక చట్టము మాత్రము మా ఇంట బాగా స్థిరపడి ఉండినది. అది 1916లో తిరువాన్కూరు సంస్థానము క్రైస్తవుల వారసత్వమును గురించి చేసిన శాసనము. తండ్రి వీలునామా లేకుండ మరణిస్తే, కుమార్తెకు దక్కేది కుమారుని భాగములో నాలుగవ వంతుగాని, అయిదువేల రూపాయలుగాని, ఈ రెండింటిలో ఏది తక్కువయితే అది. కుమార్తె విలువ శాసనములోనే అంకెలలో వ్రాసి ఉన్నప్పుడు, ఆమె ఇష్టమేమిటని అడిగే తీరిక ఎవరికుంటుంది?

మా బావగారు మంచివారు. అక్క కాపురము సుఖముగానే సాగినది. కాని చాల ఏండ్ల తరువాత ఒకనాడు ఆమె నాతో అన్నది: "అడిగి ఉంటే నేను సరేననేదాన్నే, తమ్ముడూ. అడగలేదు. ఇప్పుడు నేను ఆయన్ని ఎంచుకొన్నానో లేదో నాకే తెలియదు." అడగకపోవడమువల్ల మనిషికి కలిగే నష్టము ఇటువంటిది. వచ్చిన జవాబు మారకపోవచ్చును. కాని ఆ జవాబు ఆమెది కాకుండా పోతుంది.

మా పెండ్లి ప్రసంగాలలో ఇస్సాకు రిబ్కాల కథ తప్పకుండా వస్తుంది. ఆదికాండము ఇరువదినాలుగవ అధ్యాయమంతా ఆ కథయే. అబ్రాహాము తన ఇంటి పెద్ద దాసుని దూరదేశమునకు పంపుతాడు. అతడు పది ఒంటెలతో వెళ్ళి, బావి దగ్గర ప్రార్థించి, నీళ్ళు పోసిన కన్యను గుర్తించి, ఆమె అన్నకు తండ్రికి సంగతి చెప్పి, ఒప్పించి, బంగారము వెండి వస్త్రాలు ఇస్తాడు. ఇక్కడిదాకా మా వరండా వ్యవహారమునకు దానికి పెద్ద భేదము కనబడదు. అయితే మరునాటి ఉదయము ప్రయాణపు వేళ ఇంటివారికి ఒక ఆలోచన కలుగుతుంది. అమ్మాయిని పిలిచి ఆమె నోటనే విందామనుకొంటారు. పిలుస్తారు, అడుగుతారు. ఆమె వెళ్ళుతానంటుంది. స్త్రీ సమ్మతి లేకుండ ఆమెకు పెండ్లి చేయరాదన్న నియమమును పదునొకండవ శతాబ్దపు యూద వ్యాఖ్యాత రాషీ ఈ చోటనుంచియే తీసినాడు. ఆ కథను నేను ఎన్నిమార్లో విన్నాను. ఒంటెలు జ్ఞాపకమున్నవి, నగలు జ్ఞాపకమున్నవి. ఆ ప్రశ్న మాత్రము నా చెవిని పడలేదు. మా పాదిరులు దానిమీద నిలిచినట్లు కూడ జ్ఞాపకము లేదు.

1970లో నేను మద్రాసుకు వచ్చి, ఒక ప్రభుత్వ కార్యాలయములో లెక్కల గుమాస్తాగా చేరినాను. ఆదివారాలు దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన ఒక దేవాలయమునకు వెళ్ళేవాణ్ణి. 1947 సెప్టెంబరు 27వ తేదీన ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియనులు, కాంగ్రిగేషనలిస్టులు తమ తమ గోడలు దాటి కలిసిన సంఘము అది. ఆ కలయిక మద్రాసులోనే జరిగినదని మా పాదిరిగారు గర్వముతో చెప్పేవారు. గానబృందములో తమిళులు, మలయాళీలు, తెలుగువారు, ఆంగ్లో-ఇండియనులు ఉండేవారు. శనివారము సాయంకాలాలు అభ్యాసము. మాలో చాలమందికి పాశ్చాత్యుల గీతల స్వరలిపి రాదు. డో రే మీ అక్షరాలతో వ్రాసిన స్వరాలనే చూచి పాడేవాళ్ళము. క్రిస్మసుకు హాండెల్ రచించిన మెస్సయ్యలోని కొన్ని భాగాలు నేర్చుకొనేవాళ్ళము. నేను మంద్రస్వరము వరుసలో చివర నిలిచేవాణ్ణి. స్త్రీల వరుసలో ఆ వైపు చివర ఆమె నిలిచేది.

ఆమె గుంటూరునుంచి వచ్చి ఒక బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పుతున్నది. లూథరన్ కుటుంబము. 1842లో హేయర్ అనే అమెరికను మిషనరీ గుంటూరు వచ్చి ఆ సంఘమునకు పునాది వేసినాడు. 1883లో వచ్చిన ఆనా కుగ్లర్ అనే వైద్యురాలు స్త్రీల కోసము ప్రారంభించిన ఆసుపత్రి 1898లో తలుపులు తెరచినది. ఆమె తల్లి ఆ ఆసుపత్రిలోనే నర్సు. ఈ సంగతులన్నీ అభ్యాసము మధ్య విరామాలలో ఒక్కొక్కటిగా తెలిసినవి. ఆమె తక్కువగా మాట్లాడేది. స్వరము తప్పితే ఎవరిది తప్పో చూడకుండ, తప్పు ఎక్కడ పడినదో చూచేది. నాకు ఆ గుణము నచ్చినది.

తరువాత ఒక సంవత్సరముపాటు నేను చేసిన పని ఇప్పుడు తలచుకొంటే సిగ్గు కలుగుతుంది. నేను ఏమీ అడగలేదు. అడగకపోవడము వినయమనుకొన్నాను. అభ్యాసము ముగిసిన తరువాత ఆమెతోపాటు బస్సు ఆగే చోటుదాకా నడిచేవాణ్ణి. నా కీర్తనల పుస్తకము ఆమెకిచ్చి, తిరిగి తీసుకొనే మిషతో మాట్లాడేవాణ్ణి. గానబృందములోనివారు మా పేర్లు కలిపి నవ్వితే, వారిని వారించక, నేనూ కొంచెము నవ్వి ఊరకుండేవాణ్ణి. ఆ నవ్వు నాకు తీపిగా ఉండేది. ఆమెకు ఎట్లుండేదో విచారించలేదు.

ఒక శనివారము ఆమె బస్సు దగ్గర ఆగి, "రేపటినుంచి నేను ఒక్కతెనే నడుస్తాను" అన్నది. కారణము అడిగినాను. ఆమె ఉండే స్త్రీల వసతిగృహములోని పర్యవేక్షకురాలు ఆమెను పిలిచి, దేవాలయమునకు వెళ్ళేది పాడడానికా, తోడు వెతుక్కోవడానికా అని అడిగినదట. "జవాబు చెప్పడానికి నాకు ఏమీ తెలియలేదు. మీరు నన్ను ఏమీ అడగలేదు గనుక నేను దేనికి ఒప్పుకొన్నట్లు, దేనికి ఒప్పుకోనట్లు? నడిచినది ఇద్దరము, సంజాయిషీ ఇచ్చినది మాత్రము నేను."

ఆ రాత్రి నాకు రూతు గ్రంథము జ్ఞాపకము వచ్చినది. కళ్ళమున రూతు తానే వచ్చి బోయజును అడుగుతుంది. బోయజు ఆమె మంచి పేరును కాపాడవలెనన్న జాగ్రత్తతో, మనుషులు ఒకరినొకరు పోల్చుకోలేని మసకవేళనే ఆమెను ఇంటికి పంపుతాడు. ఉదయమున ఊరి గవిని దగ్గర, పెద్దల ఎదుట, తనకంటె దగ్గరి బంధువు ఉన్నాడన్న సంగతిని దాచకుండ వ్యవహారము తేల్చుతాడు. నేను చేసినది దానికి సరిగా వ్యతిరేకము. తేల్చవలసినదానిని మసకలో ఉంచినాను. కాపాడవలసిన పేరును నలుగురి నోట పెట్టినాను.

మా పాదిరిగారి భార్య పెద్దావిడ, తిరునెల్వేలివారు. నేను సంగతంతా చెప్పుకొంటే ఆమె నన్ను ఓదార్చలేదు. "ఇన్నాళ్ళూ అడగకుండ తీసుకొన్నావు. ఇక అడిగి చూడు" అన్నారు. మూడు మాటలు చెప్పినారు. ఒకటి, ఉద్దేశము దాచకుండ అడుగు. కాఫీకి రమ్మంటే కాఫీ ఎందుకో కూడ చెప్పు. రెండు, ఆమె వెంటనే లేచి పోగలిగిన చోట అడుగు. నలుగురు వినే చోట కాదు, ఎవరూ లేని చోట కూడ కాదు. మూడు, దేవుణ్ణి నీ పక్షాన సాక్ష్యమునకు పిలువవద్దు. "దేవుడు నాకు చూపించినాడని నీవంటే, ఆ పిల్ల కాదనేది నిన్నా, దేవుణ్ణా? ప్రార్థన చేసుకో. చేసినానని ఆమెకు చెప్పకు" అన్నారు. ఆ మూడవ మాటవంటి మాటను తరువాత ఏ ప్రసంగములోను నేను వినలేదు.

1974 జనవరిలో, అభ్యాసము ముగిసిన తరువాత, దేవాలయపు ఆవరణలో చింతచెట్టు దగ్గర ఆమెను ఆగుమన్నాను. కొంత దూరములో పిల్లలు బల్లలు సర్దుతున్నారు. గేటు తెరచియే ఉన్నది. గుండె దడదడలాడుతున్నా, ముందుగా సిద్ధము చేసుకొన్న మాటలు చెప్పినాను. ఇంతకాలము ఆమె పేరును జాగ్రత్తగా చూడనందుకు క్షమించుమన్నాను. వివాహమును మనసులో పెట్టుకొనియే ఆమెను తెలుసుకోవాలనుకొంటున్నానన్నాను. ఇష్టమయితే వచ్చే శనివారము ఎక్కడయినా కూర్చుండి మాట్లాడుకొందామన్నాను. "మీకు ఇష్టము లేకపోతే ఆ మాట ఒక్కటి చెప్పితే చాలును. కారణము చెప్పనక్కరలేదు. నేను మళ్ళీ అడగను. గానబృందము మానను, మిమ్మల్ని మాననివ్వను."

ఆమె నా ముఖమువైపు చూచి, "ఇప్పుడు అడిగినారు" అన్నది. వారము గడువు కావాలన్నది.

ఆ శనివారము తానే వచ్చి కాఫీకి పోదామన్నది. ఎగ్మూరు దగ్గర ఒక హోటలులో కూర్చున్నాము. రెండు కాఫీలు వచ్చినవి. ఆమె ఒక గుక్క త్రాగి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండ అడిగినది:

"బాప్తిస్మము పొందకముందు మా తాతలు ఎవరో మీ అమ్మగారికి తెలుసునా?"

నేను, క్రీస్తునందు అటువంటి భేదము లేదని మొదలుపెట్టినాను.

"నేను క్రీస్తును గురించి అడగలేదు. మీ అమ్మగారిని గురించి అడిగినాను."

నా దగ్గర జవాబు లేదు. ఆమె కోపముగా చెప్పలేదు. లెక్కల పాఠము చెప్పినట్లే నెమ్మదిగా చెప్పినది. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులము అన్నది హిందువులకే వర్తిస్తుంది. ఆ ఉత్తరువులో సిక్కులను 1956లో చేర్చినారు, బౌద్ధులను తరువాత 1990లో చేర్చినారు. క్రైస్తవులు నేటికీ బయటనే ఉన్నారు. "ప్రభుత్వపు లెక్కలో మాకు ఆ కులము లేదు. అందుచేత దాని సహాయము మాకు రాదు. మీ ఇంటి లెక్కలో మాత్రము అది ఉంటుంది. మీరు మంచివారు. కాని మీరు నన్ను అడుగుతున్నది మీ ఒక్కరి పక్షానా, మీ ఇంటి పక్షానా? అది తెలుసుకొని రండి. నేనప్పుడు జవాబు చెప్పుతాను."

ఫిబ్రవరిలో సెలవు పెట్టి ఊరికి వెళ్ళినాను. అది మారామణ్ సభల కాలము. 1895నుంచి ఏటేట పంపానది ఇసుకతిన్నెలమీద పెద్ద పందిరి వేసి జరిపే సభలు అవి. మా ఇల్లంతా చుట్టాలతో నిండి ఉన్నది. పగలంతా పందిరిలో కూర్చుండి ప్రసంగాలు వినేవాళ్ళము. రాత్రి వంటింటి గడపమీద కూర్చుండి మా అమ్మకు సంగతి చెప్పినాను. గుంటూరు అనగానే ఆమె విన్నది. లూథరన్ అన్నప్పుడు, "వాళ్ళూ ప్రార్థన చేసుకొనేవాళ్ళే గదా" అన్నది. నేను తక్కినదీ చెప్పినాను. అమ్మ చాలసేపు పొయ్యిలోని నిప్పు సర్దుతూ ఉండినది. "ఆ పిల్ల మంచిదే కావచ్చును. నీ చెల్లెలికి ఇంకా సంబంధము చూడలేదు" అన్నది. నాన్నగారు ఆ మాత్రమైనా అనలేదు. నాతో మాట్లాడడమే మానివేసినారు.

నేను వాదించలేదు. ఇది నా కథలో ముఖ్యమైన చోటు గనుక దాచకుండ వ్రాస్తున్నాను. కాలము గడిస్తే వారే మెత్తబడుతారని నాకు నేను చెప్పుకొన్నాను. మద్రాసుకు వచ్చి ఆమెతో అదే మాట అన్నాను: ఇంట్లో కొంచెము సమయము కావాలంటున్నారని. వారు అట్లా అననేలేదు. ఆమె నా ముఖము చూచి అది కూడ గ్రహించినది.

"మీరు నన్ను మర్యాదగానే అడిగినారు. అంత మర్యాదగా నన్ను ఇంకెవరూ అడగలేదు. అది మరచిపోను. కాని మీ ఇంటి గేటు తెరుచుకొనేదాకా నన్ను బయట నిలబడుమంటున్నారు. మా అమ్మవైపువాళ్ళు గేట్ల బయట చాలకాలము నిలబడినారండీ. నేను నిలబడను." కొంచెము ఆగి, "కాదంటున్నాను" అన్నది. నేను అపార్థము చేసుకొనే వీలు లేకుండ ఆ మాట చెప్పినది.

నేను వాగ్దానము చేసి ఉన్నాను. మళ్ళీ అడగలేదు. అడగకపోవడము ఎంత కష్టమో అప్పుడు తెలిసినది. మునుపు అడగకపోవడములో నాకు సుఖము ఉండేది, ఇప్పుడు అడగకపోవడమే నేను ఆమెకు చెల్లించవలసిన బాకీ. గానబృందము మానివేద్దామని ఎన్నోసార్లు అనిపించినది. మానితే నలుగురూ కారణము ఆమెను అడుగుతారు. కనుక శనివారము శనివారము వెళ్ళి, నా వరుస చివర నిలిచి పాడినాను. ఎవరయినా మా పేర్లు కలిపితే ఇకమీదట అట్లా అనవద్దని స్పష్టముగా చెప్పినాను. ఒక సంవత్సరము ముందే చెప్పవలసిన మాట అది.

1976లో ఆమెకు వివాహము నిశ్చయమయినది. వరుడు గుంటూరువాడే, ఉపాధ్యాయుడు. క్రైస్తవ వివాహమునకు ముందు మూడు ఆదివారాలు దేవాలయములో ప్రకటన చదవడము ఆచారము. వీరి వివాహమునకు అభ్యంతరమేదయినా ఎవరికయినా తెలిసి ఉంటే చెప్పవలసినదని పాదిరిగారు సంఘమును అడుగుతారు. ఆమె మా సంఘములో ఉండినది గనుక ఆ ప్రకటన మా దేవాలయములోను చదివినారు. మూడు వారాలు నేను ఆ ప్రశ్న విన్నాను, మూడు వారాలు మౌనముగా కూర్చున్నాను. మూడవ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె నా దగ్గరకు వచ్చి, వారము తరువాత ఊరికి వెళ్ళుతున్నానని చెప్పి, నా కీర్తనల పుస్తకము తిరిగి ఇచ్చినది. దానిని ఉంచుకొమ్మన్నాను. ఉంచుకొన్నది.

నేను వివాహము చేసుకోలేదు. ఆమె జ్ఞాపకముతో వ్రతము పట్టినానని చదువరులు అనుకోవద్దు. ఆ తరువాత ఇంటివారు చూపిన సంబంధాలలో తేనీటి పళ్ళెము ఎదుట కూర్చుండడము నాకు చేతకాలేదు, అంతే. ఒంటరితనమును పౌలు కొరింథీయులకు వ్రాసిన పత్రికలో ఒక వరముగా పేర్కొన్నాడు. నాకు అది వరముగా రాలేదు. అలవాటుగా వచ్చి, కొంతకాలమునకు బరువు తగ్గినది. మా సంఘములో ఒంటరివారిని పెండ్లి కావలసినవారుగానో, పెండ్లి కానివారుగానో చూస్తారేగాని మనుష్యులుగా చూచేవారు తక్కువ. ఆ సంగతి వేరొకప్పుడు వ్రాయవలసినది.

1986 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మేరీ రాయ్ వేసిన దావాలో తీర్పు చెప్పినది. 1916నాటి ఆ తిరువాన్కూరు శాసనము ఇక చెల్లదనీ, క్రైస్తవ కుమార్తెలకు కుమారులతో సమానమైన భాగము ఉన్నదనీ ఆ తీర్పు. మా ప్రాంతములో ఇంటింట దానిమీదనే చర్చ. నేను సెలవుమీద ఇంట ఉన్నాను. నాన్నగారు అప్పటికి లేరు. అక్క కూడ వచ్చి ఉన్నది. భాగము సంగతి ఎవరో ఎత్తగా అక్క, "నాకు పొలము వద్దు. నన్ను ఒకసారి పిలిచి ఏమి కావాలని అడగండి, చాలును" అన్నది. ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ రాత్రి అమ్మ నా గదికి వచ్చి మంచముమీద కూర్చున్నది. చాలసేపు ఊరకుండి, "ఆ గుంటూరు పిల్ల పేరేమిటిరా?" అని అడిగినది.

పన్నెండేండ్లలో ఆమె ఆ పేరు అడగలేదు. నేను చెప్పనూ లేదు. నేను వంటింటి గడపమీద ఆమె ఊరు చెప్పినాను, సంఘము చెప్పినాను, కులము చెప్పినాను. పేరు చెప్పలేదన్న సంగతి నాకు ఆ రాత్రి గాని తెలియలేదు. అమ్మను తప్పు పట్టడము నాకు సులభము. కాని ఇంటివారి ఎదుట ఆమెను ఒక మనిషిగా నిలబెట్టవలసినవాణ్ణి నేను. పేరు లేకుండ నిలబెట్టినాను.

ఈ కథ ముగిసేవరకు మా మనుమడు కదలకుండ విన్నాడు. తరువాత ఫోను తీసుకొని, ఒక్కొక్క పంక్తి తుడిచివేసినాడు. దేవుడు పోయినాడు, నలువది దినాలు పోయినవి, ఉద్యోగము పోయినది. చివరకు కాఫీ ప్రశ్న మాత్రము మిగిలినది.

"దీనిని కూడ తుడిచివేసి నోటితో అడుగు. కాఫీ ఎందుకో చెప్పు. కాదంటే ఏమి చేస్తావో కూడ చెప్పు, చెప్పినట్లే చేయి. ఆమె గానబృందమును ఆమెకు విడిచిపెట్టు. అయితే అంతకుముందు ఒక పని ఉన్నది" అన్నాను. ఆ అమ్మాయి ఏ సంఘమో, ఎవరి బిడ్డయో నేను అడగలేదు. అడగవలసినవారు వేరే ఉన్నారు. "ఇంట్లో చెప్పినావా?"

"వాళ్ళు ఒప్పుకోకపోతే ఇల్లు వదిలి వస్తాను, అప్పచ్చా."

"అంత తొందరగా అనవద్దు. నేనును తొందరగానే క్రీస్తునందు భేదము లేదన్నాను. వాళ్ళతో మాట్లాడు. వాళ్ళు ఏమన్నారో ఉన్నది ఉన్నట్లు ఆమెకు చెప్పు. వాళ్ళు కాదన్నా నీవు నిలబడగలవా, ఎంతవరకు నిలబడగలవు, అది నీకు తెలిసిన తరువాత అడుగు. తెలియకుండ అడిగితే నీ ఇంటి బరువు ఆమె నెత్తిన పెట్టినవాడవవుతావు."

అతడు తల ఊపి వెళ్ళినాడు. రెండు ఆదివారాలు నా గదికి రాలేదు. మూడవ ఆదివారము ఆరాధన కాగానే వచ్చినాడు. ఊరికి వెళ్ళి వచ్చినాడట. అమ్మాయిని ఇంకా అడగలేదట. ఇంట్లో ఏమన్నారని అడిగినాను.

"నాన్న ఏమీ అనలేదు. అమ్మ కొంచెముసేపు ఏడ్చినది. తరువాత అమ్మాయి పేరేమిటని అడిగినది."

"చెప్పినావా?"

"నేను ముందే చెప్పినాను, అప్పచ్చా. మళ్ళీ చెప్పించుకొన్నది."

ఆ శనివారము గానబృందపు అభ్యాసము ఉన్నది. ఆవరణలో గేటు తెరచి ఉంచుతారా అని అడిగినాను. ఉంచుతారన్నాడు. అయితే వెళ్ళి అడుగుమన్నాను.